ఎర్తు ఉందన్నచోట రెండు రాత్రులు, లేదన్నచోట రెండు వారాలు

విజయనగరం జిల్లా తీరంలో ఒక రిసార్టు వాళ్లు ఫోన్‌లో నాకు మూడు మాటలు చెప్పారు. కరెంటు ఉంది, ఎర్తింగ్ ఉంది, నీళ్లు ఉన్నాయి. అందులో మొదటిదొక్కటే నిజం.

మేమిద్దరం ఇల్లు అద్దెకిచ్చేసి బండిలో ఉండబట్టి పద్నాలుగు నెలలైంది. టెంపో ట్రావెలర్‌లో మంచం, రెండు పొయ్యిల స్టవ్వు, నూట ఇరవై లీటర్ల ట్యాంకు, పైన సోలార్ పలకలు పెట్టించుకున్నాం. రోజుకో ఊరు తిరిగే ఓపిక మాకు లేదు. నచ్చినచోట రెండు మూడు వారాలు ఉండిపోతాం. అందుకే కొత్తచోట ఆగిన మొదటి గంట మాకు ముఖ్యం. ఆ గంటలో సరిచూసుకోనిది తర్వాత ఏడిపిస్తుంది.

రిసార్టులో రాత్రికి 1,400. బండి నిలపడానికి మాత్రమే. ట్యాంకు నింపితే 150 అదనం అన్న సంగతి వెళ్లాక చెప్పారు. ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయి, పప్పు ఉడకలేదు. సరే, తాగే నీళ్లు క్యాన్ కొనుక్కున్నాం. రెండోరోజు పొద్దున్న నేను బయట గిన్నెలు కడిగి, చెప్పులు లేకుండా తడి ఇసుకలో నిలబడి తలుపు పిడి పట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమని లాగింది. చేతిలో గిన్నె ఎటు పోయిందో తెలియదు.

మా ఆయన మీటరు పెట్టి చూశారు. బండి బాడీకీ నేలకీ మధ్య 110 వోల్టులు. బ్యాటరీ చార్జర్‌లోంచి కొద్దిగా లీకయ్యే కరెంటు ఎర్తు పిన్ను గుండా భూమిలోకి పోవాలి. సాకెట్లో మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరు లేదు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి ఆ కరెంటు బాడీలోనే ఉండిపోయి, తడికాళ్లతో ముట్టుకున్న మనిషి కోసం చూస్తుంది.

మేనేజర్ని పిలిస్తే, "అందరూ బాగానే ఉంటున్నారు మేడం, మీ బండిలోనే ఏదో ప్రాబ్లం" అన్నాడు. సాకెట్ విప్పి చూపించినా అదే మాట. ముందే కట్టిన 2,800లో రూపాయి వెనక్కి ఇవ్వలేదు. డబ్బు కంటే ఆ మాట నాకు కోపం తెప్పించింది. పక్క గుడారంలో అయిదేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్ల మా బండి మెట్టు మీద కూర్చుని ఆడుకునేది. మా ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, నాతో కూడా.

పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా హైవే ప్రయాణం హాయిగా సాగింది. శ్రీకాకుళంలో అరసవల్లి దర్శనం చేసుకుని కళింగపట్నం దారి పట్టాం.

అక్కడ సముద్రానికి కాస్త లోపలగా ఒక కొబ్బరితోట. తోటలో ఉండే పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కరెంటుంది గానమ్మా, ఎర్తు నేదు. అబద్దం సెప్పి ఏటి సేసుకుంటాం?" అన్నారు. రోజుకి 250, నీళ్లు అందులోనే, కరెంటు సబ్‌మీటరు చూసి యూనిట్‌కి పది రూపాయలు. మా ఆయన ముఖం అప్పుడు విప్పారింది.

చెట్ల కింద బండి పెట్టనివ్వలేదాయన. కాయ పడితే సోలార్ పలక ముక్కలైపోతుందని, కాయలు దింపేసిన వరస చూపించారు. వెనక చక్రం కింద రెండు చెక్కపలకలు వేసి, స్టవ్వు గట్టు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సమంగా ఉందో లేదో చూసుకున్నాం. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పు పట్టకుండా బండి వెనకభాగం సముద్రం వైపు తిప్పాం.

మర్నాడు పొద్దున్న గునపం చప్పుడుకి మెలకువ వచ్చింది. పెద్దాయన గొయ్యి తవ్వుతున్నారు. పైన ఇసుక తెల్లగా పొడిగా ఉంది. మోకాలిలోతు దాటాక గోధుమరంగులో, పిడికిట పడితే ముద్దయ్యే తడి. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వచ్చి ఆరడుగుల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) దింపి, చుట్టూ బొగ్గులు, రాళ్లుప్పు పొరలుగా వేసి నీళ్లు పోశాడు. పైపు 1,150, ఉప్పూ బొగ్గులూ 180, కూలి 500. ఆ ఖర్చు మేం పెట్టుకున్నాం. తవ్వినందుకు పెద్దాయన ఏమీ పుచ్చుకోలేదు. చివరికి ఫేజుకీ, అంటే కరెంటు వచ్చే తీగకీ, ఎర్తుకీ మధ్య బల్బు పెడితే నిండుగా వెలిగింది, అంటే ఎర్తు పనిచేస్తోందన్నమాట. బండి కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పరుపు సంగతి తర్వాత, ముందు ఒక హోల్డరు, బల్బు, రెండు వైర్లు కొనుక్కోండి. పరీక్ష మాత్రం పని తెలిసినవాళ్లతోనే చేయించండి. బల్బు వెలగనిచోట ప్లగ్గు పెట్టకండి, సోలార్‌తోనే గడపండి.

ఆ మధ్యాహ్నం పెద్దాయన వాళ్లావిడ చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ల వేపుడు పంపారు. చేప వాసనంటే ముఖం తిప్పుకునే మా ఆయన రెండు గిన్నెలు తాగారు.

శాలిహుండం ఇక్కడికి దగ్గరే. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధస్తూపాలు. 1919లో వీటి సంగతి బయటపెట్టింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషి ఈ గుట్టా ఎక్కారని తెలిసి, నేను మెట్లమీద కాసేపు కూర్చుండిపోయాను. పైనుంచి నది కనిపిస్తుంది. ఎండ ముదరకముందే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి.

రెండు వారాలకి అద్దె 3,500, కరెంటు 26 యూనిట్లకి 260. ఇంకో పదిరోజులకి కూడా ఇచ్చేశాం. పెద్దాయన రోజూ సాయంత్రం ఆ గొయ్యిలో ఒక బకెట్టు నీళ్లు పోస్తున్నారు, తడి ఆరిపోకూడదని ఎలక్ట్రీషియన్ చెప్పాడట. నిన్నటినుంచి ఆ బకెట్టు మా ఆయన మోస్తున్నారు.