ఫెరెట్‌ని బోనులో ఉంచాలా, గదంతా వదిలేయాలా?

రోజుకి 14 నుంచి 18 గంటలు పడుకునే జంతువు కాబట్టి ఫెరెట్‌కి (ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు) బోను శిక్షేమీ కాదు, కనీసం 4 గంటలు బయట వదిలితే. కమ్మీలు అదేపనిగా కొరుకుతోందంటే ఆ టైమ్ చాలట్లేదన్నమాట.

గది మొత్తం ఇస్తే దానికి హాయే, మనకే పని ఎక్కువ. తల దూరిన సందులో ఒళ్లంతా దూరుతుంది. తలుపు కింద, వాషింగ్ మెషీన్ వెనక, బాత్రూమ్ జాలీ, అన్నీ మూయాలి. రబ్బరు చెప్పులు, రిమోట్ బటన్లు, ఇయర్‌బడ్ల రబ్బర్లు అస్సలు అందకూడదు. మింగితే పేగులో ఇరుక్కుని ఆపరేషన్ దాకా వెళ్తుంది. తిండి మానేసి, పంజాతో మూతి గీరుకుంటుంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

హైదరాబాద్ ఎండాకాలంలో మాత్రం బోనైనా గదైనా ఏసీ ఉండాల్సిందే. 27 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడే ప్రాణం, 32 దాటితే వడదెబ్బే. బాల్కనీలో బోను పెట్టడం చాలా ప్రమాదం. ఇంట్లో పగలు ఎవరూ ఉండరా? అయితే బోనే నయం; సాయంత్రం ఇంటికి రాగానే వదలండి.