తాళం తీశాక కూడా తిరిగే ఫ్యాన్

ట్రావెలర్ వ్యాన్‌ని మోటార్‌హోమ్‌గా, అంటే వండుకుని పడుకునే వీలున్న బండిగా, మార్పించుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. ఇంజన్ డ్రైవర్ పక్కనే మూత కింద ఉంటుంది, మూతకు ఇవతలే మన వంటగట్టు. అరకు ఘాట్ ఎక్కి బండి ఆపాక అసలు వేడి మొదలవుతుంది. ఇంజన్ ఆగింది కాబట్టి కూలెంట్ తిరగదు, రేడియేటర్‌కి గాలి ఉండదు, కాగిన ఇనుము వేడంతా మన మీదికే. బయట అరకు చలి, లోపల పెరుగు పులిసిపోయేంత ఉక్క.

ఆ వేడి గాలిని కిందికి లాగి బయటికి నెట్టే 12 వోల్టుల ఫ్యాన్ ఇది. ఇంజన్ ఆపి తాళం తీసినా ఆగదు. వేడిని బట్టి పనిచేసే థర్మో స్విచ్ చల్లబడేదాకా తిరిగి దానంతటదే ఆగుతుంది. మా ఆవిడ మూత మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు ఇక్కడ పడుకోవచ్చండీ" అంది. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి!

కానీ పోయిన వేసవిలో ఏడిపించింది. అనంతగిరి ఘాట్‌లో లారీ వెనక సెకండ్ గేర్‌లో పాకుతుంటే కాలిన రబ్బరు వాసన. టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంది. అది చెప్పేది కూలెంట్ వేడి, మూత కింద గాలి సంగతి దానికి పట్టదు. వెడల్పాటి మలుపులో ఆపి చూస్తే ఫ్యాన్‌లో చలనం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. కనెక్టర్ పీకితే పిన్నుల నిండా పచ్చటి చిలుము. మా ఇల్లు జోడుగుళ్లపాలెం దగ్గర, ఉప్పుగాలి దేన్నీ వదలదు. ఫ్యూజు తీసి పక్కన పెట్టి, పిన్నీసుతో గీకి మళ్లీ బిగించాక బుర్రున తిరిగింది. తర్వాత గాజువాక ఆటోనగర్‌లో రబ్బరు సీలున్న కనెక్టర్ వేయించి గ్రీజు పెట్టించాను. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సముద్రపు గాలికి వారంటీ లేదన్నారు. విశాఖలో అమ్మే సరుకుకి ఆ షరతేంటో!

ఇంకోటి. నేను మొదట్లో అందరికీ పొగిడి చెప్పినంత ఘనత ఫ్యాన్ ఒక్కదానిదే కాదు. అదే వారం మూత లోపల వేడి ఆపే షీటు కూడా అంటించారు, ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. పైగా ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ని కాపాడేది రేడియేటరే. దాని రెక్కల్లో బురద పేరుకుంటే ఈ ఫ్యాన్ ఏమీ చేయలేదు. ఇంజన్ ఆగాక ఇది తిరిగేది బ్యాటరీ మీదే, అది పాతదైతే బండి స్టార్టవుతుందో లేదోనని రోజూ పొద్దున కాస్త టెన్షనే.

బండిలోనే పడుకునే మాలాంటివాళ్లకు డబ్బు దండగ కాదు. రుషికొండ దాకా వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లకు షీటు చాలనుకుంటా. మోటార్‌హోమ్‌ని పికప్ బండి మీద కట్టించుకుంటే ఇంజన్ ముందు బయటే ఉంటుంది కాబట్టి ఈ గొడవే తక్కువ.