ప్లాస్టిక్ మీద ఐటీవో పూత: ఏళ్ల తరబడి స్పటరింగ్ వాడాక

పెట్ (నీళ్ల సీసాలకు వాడే ప్లాస్టిక్) షీట్ల మీద ఐటీవో (ఇండియం టిన్ ఆక్సైడ్, కరెంటును పారనిచ్చే పారదర్శక పదార్థం) పూతకు మా ల్యాబ్‌లో కొన్నేళ్లుగా ఆర్‌ఎఫ్ మాగ్నెట్రాన్ స్పటరింగే వాడుతున్నాను. అంటే వాక్యూమ్ ఛాంబర్లో ఆర్గాన్ వాయువును ప్లాస్మాగా మార్చి, దాంతో టార్గెట్ అనే ఐటీవో బిళ్లను కొట్టి, రాలిన పరమాణువులు షీటు మీద పొరగా పేరుకునేలా చేయడం. వంగే సోలార్ సెల్స్ కోసం ఇది తీసుకోవచ్చా అని అడిగేవాళ్లకు ధైర్యంగా తీసుకోమనే చెబుతాను. కానీ గాజు మీద వచ్చే అంకెలు ఇక్కడ ఆశించొద్దు.

గాజునైతే 300 డిగ్రీల దాకా వేడి చేయొచ్చు. ఆ వేడికి పొర చక్కగా స్ఫటికమై కరెంటు బాగా పారుతుంది. పెట్ 80 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. హీటర్ ఆపేసినా సరే, షీటు ముడతలు పడటానికి ప్లాస్మా వేడి చాలు. అందుకే పవర్ తగ్గించి, మధ్యమధ్య షట్టర్ మూసి చల్లారనిస్తూ వేస్తాను. 150 నానోమీటర్ల పొరకు 30, 40 ఓం పర్ స్క్వేర్ (పొర రెసిస్టెన్స్ కొలత, ఎంత తక్కువైతే అంత మంచిది) వస్తే నాకు సంతృప్తే.

వేడి కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తేమ. ప్లాస్టిక్ పీల్చుకున్న నీరు వాక్యూమ్‌లో గంటల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. వానాకాలంలో మరీ టెన్షన్. ఆర్గాన్‌లో కలిపే ఆక్సిజన్ ఒకటి రెండు శాతమే. అది తగ్గితే పొర గోధుమ రంగుకు తిరుగుతుంది, పెరిగితే రెసిస్టెన్స్ పైకి పోతుంది. నీటి ఆవిరి చేరిందంటే ఆ లెక్కంతా తప్పుతుంది. షీట్లను 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, రాత్రంతా పంపు నడిపిన రోజున రీడింగులు నిలకడగా ఉంటాయి. ఈ ఒక్క పనికి బద్ధకించొద్దు.

వంపు సంగతి కొనేముందే తేల్చుకోవాలి. 125 మైక్రాన్ల షీటును 5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో వంచితే పైనున్న పూత సుమారు 1.25 శాతం సాగుతుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే 2 శాతం దాటుతుంది, అక్కడ ఐటీవో అప్పడంలా పగులుతుంది. పూత లోపలివైపుకు వచ్చేలా వంచితే ఇంకొంచెం ఓర్చుకుంటుంది. 50 మైక్రాన్ల షీటైతే అదే వంపులో సాగుడు సగం కూడా ఉండదు, కాకపోతే పల్చటి షీటు వేడికి త్వరగా ముడతపడుతుంది. గుండ్రటి గోడకు అతికించే ప్యానెల్‌కు ఈ పూత బాగుంటుంది. మడిచే ఫోన్ తెరకైతే నేను వద్దంటాను.

ఖర్చులో పెద్ద వాటా ఇండియం ఉన్న టార్గెట్‌దే. వాడేకొద్దీ దాని మీద నల్లటి బుడిపెలు లేస్తాయి, వాటిని గీకి శుభ్రం చేయకపోతే ఆర్కింగ్ (టార్గెట్ మీద నిప్పురవ్వలు ఎగరడం) మొదలవుతుంది. చవక అని అల్యూమినియం కలిపిన జింక్ ఆక్సైడ్ కూడా ఇదే ఛాంబర్‌లో వేశాను. తేమకు దాని రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది, పైన రక్షణ పొర వేయగలిగితేనే దాని జోలికి వెళ్లండి.