బోర్గుండా, ఉర్నెస్సా? నార్వే చెక్క చర్చిల్లో ఒక్కటే చూడాలంటే

నార్వేలో మధ్యయుగాల నాటి చెక్క చర్చిలు, అంటే స్టేవ్ చర్చిలు, ఒకప్పుడు వెయ్యికి పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 28. వెళ్లేవాళ్లలో చాలామందికి ఒక్కదానికే టైమ్ దొరుకుతుంది, అందుకే ఎవరిని అడిగినా చర్చ చివరికి బోర్గుండా, ఉర్నెస్సా అన్న దగ్గర తేలుతుంది. నా ఓటు ఉర్నెస్‌కే. అలాగని బోర్గుండ్ తక్కువదేం కాదు.

మీరు ఫోటోల్లో చూసింది బహుశా బోర్గుండే అయి ఉంటుంది. తారు పూసి పూసి నల్లబడ్డ గోడలు, ఒకదానిపై ఒకటి అంతస్తులుగా లేచే చెక్క పెంకుల కప్పులు, పైన డ్రాగన్ తలలు, కింది కప్పుల మీద శిలువలు. 1180-81 చలికాలంలో నరికిన కలపతో కట్టారని చెట్ల వలయాల పరీక్షలో తేలింది. 1868లో పక్కనే కొత్త చర్చి కట్టడంతో దీనికి పని తప్పింది, 1877లో పాత కట్టడాలను కాపాడే సంఘం ఒకటి దీన్ని కొనేసింది. తర్వాతి కాలంలో చేర్చిన బెంచీల్లాంటివి తీసేశారు కాబట్టి ఇప్పుడు లోపల నిలబడి తలెత్తితే కట్టడం మొత్తం ఏ అడ్డూ లేకుండా కనిపిస్తుంది.

ఈ చర్చి ఎలా నిలబడిందో అక్కడే అర్థమవుతుంది. అంతకుముందు తరం చర్చిల్లో గుంజల్ని నేలలో పాతేవాళ్లు, మొదళ్లు తేమకి కుళ్లిపోయేవి. తర్వాత రాళ్లు పరిచి, వాటి మీద అడ్డదూలాలు వేసి, ఆ దూలాల మీద గుంజలు నిలబెట్టడం మొదలైంది, గోడ పలకలు కూడా నిలువుగా గాడిలో దిగుతాయి, అందుకే చేవ ఉన్న పైన్ కలప ఎనిమిది వందల ఏళ్లు దాటినా గట్టిగానే ఉంది. గుంజల మధ్య ఇంటూ గుర్తులా వేసిన అడ్డకర్రలు, మూలల్లో వంపు చెక్కలు గాలికి కట్టడం ఊగిపోకుండా పట్టి ఉంచుతాయి. పైన చిన్న గుండ్రటి కంతల్లోంచి తప్ప వెలుతురు పెద్దగా రాదు. కట్టడం పరంగా బోర్గుండ్‌కి పోటీ లేదు.

ఉర్నెస్ బయటి నుంచి చూస్తే సాదాగా ఉంటుంది. లోపల కూడా తర్వాతి శతాబ్దాలవాళ్లు కిటికీలు కోశారు, బెంచీలు వేశారు, రంగులు పూశారు. ఇప్పుడున్న చర్చి 1130 తర్వాతది. కానీ ఉత్తరపు గోడకి వెళ్లండి. అక్కడి ద్వారబంధం, తలుపు అంతకు ముందున్న చర్చివి, 1070 ప్రాంతంలోవి. కొత్తది కట్టేటప్పుడు పాతదాన్ని పారేయడానికి మనసొప్పక తెచ్చి ఈ గోడలో బిగించినట్టున్నారు.

ద్వారానికి ఎడమ పక్క నాలుగు కాళ్ల మృగం ఒకటి ఉంది, సింహంలాంటిది. అది ఒక పాముని కరుస్తోంది, పాము తిరిగి దాన్నే కరుస్తోంది. అక్కడి నుంచి పైకి సన్నటి పాములు, లావుపాటి పాములు జడపాయల్లా ఒకదాని కింద నుంచి ఒకటి దూరి మెలికలు తిరుగుతూ పోతాయి, ఒకదాన్ని పట్టుకుని ఎక్కడ మొదలైందో వెతకండి, మధ్యలో కన్ను తప్పిపోతుంది. చెక్కడం పైపైన గీసింది కాదు, బాగా లోతుగా తొలిచి ఒళ్లు గుండ్రంగా పైకి తేల్చింది. వైకింగుల జంతు శిల్పంలో చివరి దశకి పేరే ఉర్నెస్ శైలి అని పడిందంటే ఈ పలకల వల్లే. కొందరు ఇది చెడుతో పోరాడే సింహం, క్రీస్తుకి గుర్తు అంటారు, కొందరు విశ్వవృక్షం వేళ్లు కొరికే జంతువు గురించిన పాత నార్స్ కథ, అంటే క్రైస్తవం రాకముందు అక్కడివాళ్ల పురాణ కథ అంటారు. నార్వే క్రైస్తవంలోకి వచ్చి అప్పటికి ఎక్కువ తరాలు గడవలేదు, చెక్కినవాడి మనసులో రెండూ ఉండే ఉంటాయని నాకనిపిస్తుంది.

బోర్గుండ్ పడమటి ద్వారం కూడా అందమైనదే, రెక్కల డ్రాగన్లు, తీగలు. పనితనానికి వంక పెట్టలేం. కాకపోతే అది పద్ధతిగా అల్లిన అల్లిక, ఉర్నెస్‌లో కనిపించే ఆ కదలిక దానికి లేదు. పైగా ఉర్నెస్ లోపల గుండ్రటి చెక్క స్తంభాల తలల మీద కూడా జంతువులున్నాయి, రాతి చర్చిల్లో వాడే అర్ధచంద్రాకారపు ఆర్చీల్ని అచ్చంగా కొయ్యలో చేశారు. యునెస్కో 1979లోనే దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

ప్రయాణం సంగతికొస్తే బోర్గుండ్ సులువు, ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లే ఇ16 రోడ్డుకి దగ్గర్లోనే ఉంటుంది. ఉర్నెస్‌కి మామూలుగా సోల్వోర్న్‌లో ఫెర్రీ ఎక్కి ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటి, అవతల గట్టు ఎక్కి నడవాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది ఆలోచించుకోవాల్సిన విషయమే. అన్నిట్లోకీ పెద్దది కావాలంటే టెలిమార్క్‌లో హెడ్డాల్ ఉంది, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి, కానీ మరమ్మతులు చాలానే జరిగాయి.

నేను ఉర్నెస్ అనడానికి ఇంకో కారణం ఓస్లోలోనే ఉంది. గోల్ ఊరి స్టేవ్ చర్చిని 1880లలో విప్పి తెచ్చి బిగ్డోయ్‌లో నిలబెట్టారు, దాని బయటి రూపాన్ని చాలావరకు బోర్గుండ్‌ని చూసే కట్టారు. అంచెల కప్పులు, డ్రాగన్లు ఎలా ఉంటాయో సిటీ బస్సెక్కి వెళ్లి చూడొచ్చు. ఆ ఉత్తరపు తలుపు కావాలంటే మాత్రం ఫెర్రీ ఎక్కాల్సిందే.