మొగల్రాజపురం గేమింగ్ సెంటర్: సిస్టమ్స్ సూపర్, గోడ మీద కార్డులే మార్చాలి

మొగల్రాజపురంలో కొత్తగా పెట్టిన గేమింగ్ సెంటర్ ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మేడ మీద ఉంటుంది, మెట్లు ఇరుకు, కింద బండి పెట్టుకోవడానికి చోటు దొరకాలంటే సాయంత్రం ఆరు లోపే వెళ్లాలి. గంటకి 100 రూపాయలు, గుంపుగా వెళ్తే కొంచెం తగ్గిస్తారు. సిస్టమ్స్ కొత్తవి, హెడ్‌సెట్లు శుభ్రంగా ఉన్నాయి, మే నెల బెజవాడ ఎండలో కూడా ఏసీ బాగానే పనిచేస్తోంది, కరెంటు పోయినా ఆట ఆగదు. కుర్చీలే బాగోలేవు, గంట దాటితే నడుం పట్టేస్తుంది.

అసలు విషయం లోపలి గది. దానికి రెండో ప్రపంచ యుద్ధం థీమ్ పెట్టారు. పదాతి దళాలు ట్యాంకుల్ని కొట్టడానికి వాడిన ఆయుధాల నమూనాలు పీవీసీ పైపులతో, త్రీడీ ప్రింటింగ్‌తో చేసి గోడకి తగిలించారు: అమెరికన్ల బజూకా, జర్మన్ల పాంజర్‌ష్రెక్, పాంజర్‌ఫాస్ట్, బ్రిటిష్‌వాళ్ల పియాట్, రష్యన్ల పీటీఆర్‌డీ తుపాకీ. పనితనం నిజంగా మెచ్చుకోవాలి. పాంజర్‌ష్రెక్‌కి ముందు ఉండే రేకు డాలు, అందులో చిన్న కిటికీ కూడా వదల్లేదు. రాకెట్ గొట్టం దాటాక కూడా మండుతూనే ఉండి కాల్చినవాడి మొహం మీదకి నిప్పులు కొట్టేది, అందుకే ఆ డాలు. అది తెలిసి పెట్టినవాళ్లు కింద కార్డుల్లో మాత్రం ఇష్టమొచ్చింది రాసేశారు.

పియాట్ కింద 'బ్రిటిష్ రాకెట్ లాంచర్' అని ఉంది. బాబూ, దాంట్లో రాకెట్టే లేదు. లోపల ఒక పెద్ద స్ప్రింగ్ ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే అది ఒక కడ్డీని ముందుకి తోస్తుంది, ఆ కడ్డీ బాంబు తోకలోకి వెళ్లి అక్కడున్న మందుని పేలుస్తుంది, బాంబు ఎగిరిపోతుంది, ఆ ఎదురుదెబ్బకే స్ప్రింగ్ మళ్లీ బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే అంతే సంగతులు, దాన్ని చేత్తో లాగడానికి దాదాపు 90 కిలోల బలం కావాలి, అదీ ఎదుటివాడు కాలుస్తుండగా వెల్లకిలా పడుకుని కాళ్లతో తన్నిపట్టి. బరువు 14 కిలోల పైమాటే. సైనికులు తిట్టుకుంటూనే మోశారు, ఎందుకంటే వెనక నుంచి మంట రాదు, పొగ లేచి మన చోటు బయటపెట్టదు, ఇంట్లో కిటికీ లోంచి కూడా కాల్చొచ్చు.

మన దేశంలో పెట్టిన సెంటర్ కదా, ఆ కార్డు మీద గంజు లామా పేరు ఉండాల్సింది. 1944 జూన్‌లో మణిపూర్‌లోని నింగ్‌థౌఖాంగ్ దగ్గర ఈ గూర్ఖా సైనికుడు ఎడమ మణికట్టు విరిగి, కుడిచేతికీ కాలికీ గాయాలైనా పాక్కుంటూ 30 గజాల దూరంలోకి వెళ్లి ఇదే పియాట్‌తో రెండు జపాన్ ట్యాంకుల్ని పేల్చారు. బ్రిటిష్‌వాళ్లు ఇచ్చే అతి పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది, స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యంలోనే పనిచేశారు.

ఆ 30 గజాల దగ్గరే గేములకీ నిజానికీ తేడా తెలుస్తుంది. ఇక్కడ బ్యాటిల్‌ఫీల్డ్ ఫైవ్ వేస్తారు, అందులో పియాట్, పాంజర్‌ఫాస్ట్ రెండూ ఉన్నాయి, మనవాళ్లు ఎక్కడో దూరంగా మిద్దె మీద కూర్చుని ట్యాంకు మీదకి వేస్తుంటారు, తగిలితే కొంత హెల్త్ తగ్గుతుంది, మళ్లీ వేస్తారు. నిజం పాంజర్‌ఫాస్ట్ పేరులోనే 30, 60, 100 అని అంకెలుండేవి, అది ఎన్ని మీటర్లలోపు కొట్టాలో చెప్పే లెక్క. ఒకసారి కాల్చాక గొట్టం పారేయడమే. సరిగ్గా తగిలితే ఒక్కదెబ్బకే ట్యాంకు పోవచ్చు, వాటంగా తగలకపోతే జారిపోవచ్చు, హెల్త్ బార్ అనేది లేదు.

కాల్చినప్పుడు గొట్టం వెనక్కి వచ్చే మంట సంగతి చాలా గేముల్లోనూ ఉండదు, మన సినిమాల్లోనూ ఉండదు. హీరో గొట్టం భుజాన పెట్టుకుని గదిలోంచి కొడితే వెనకే నిలబడ్డ కమెడియన్ చొక్కా కూడా నలగదు. బజూకా అయినా పాంజర్‌ఫాస్ట్ అయినా వెనక ఉన్నవాడు పోవాల్సిందే, గోడకి ఆనుకుని కాలిస్తే కాల్చినవాడికీ దెబ్బే.

ఇంకో కార్డు మీద 'ఉక్కుని కరిగించే బాంబు' అని ఉంది. కరిగించదు. బాంబు ముందు భాగంలో గరాటులా ఉండే లోహం పేలుడుకి సన్నటి ధారగా మారి సెకనుకి కొన్ని కిలోమీటర్ల వేగంతో ఉక్కుని తొలుచుకుపోతుంది. అందుకే బాంబు నెమ్మదిగా వెళ్లినా పర్లేదు, పియాట్ లాంటి స్ప్రింగ్ యంత్రం కూడా పనిచేసింది. 14.5 మి.మీ. పీటీఆర్‌డీకి ఉన్నది తూటా వేగం ఒక్కటే, కవచాలు మందం అయ్యేసరికి ట్యాంకు పక్కలకీ, లోపలివాళ్లు బయటికి చూసే కంతలకీ గురిపెట్టాల్సి వచ్చింది. బజూకా కార్డులో 'ఏ ట్యాంకునైనా' అన్నది కూడా తీసేయాలి, 1950 జులైలో కొరియాలోని ఒసాన్ దగ్గర 60 మి.మీ. బజూకా రాకెట్లు తగిలినా ఉత్తర కొరియా టీ-34 ట్యాంకులు ఆగలేదు, ఆ తర్వాత 89 మి.మీ. సూపర్ బజూకాలని విమానాల్లో హడావిడిగా తెప్పించుకున్నారు.

ఓనర్ కుర్రాడు మంచోడే. ఇవన్నీ చెబితే విసుక్కోలేదు, "అన్నా, తెలుగులో రాసివ్వండి, ప్రింట్ తీయించి పెడతా" అన్నాడు. రాసిచ్చా. పనిలో పనిగా మనవాళ్లది కూడా ఒకటి తగిలించమన్నా: తిరుచిరాపల్లి కర్మాగారంలో చేసే 84 మి.మీ. కార్ల్ గుస్తావ్, అదీ భుజం మీంచి కాల్చేదే. పరమవీర చక్ర అబ్దుల్ హమీద్ 1965 పాకిస్తాన్ యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర ట్యాంకుల మీద వాడిన 106 మి.మీ. గన్ జీపు మీద ఉండేది, అది ఆ గోడకి ఆగదు.

ఆటకి నాలుగు స్టార్లు, కార్డులకి రెండు. శనివారం సాయంత్రం పిల్లల బర్త్‌డే పార్టీలు పెడుతున్నారు, ఆ గోల పడలేనివాళ్లు ఆదివారం పొద్దున వెళ్లండి, లోపలి గది ఖాళీగా దొరుకుతుంది. ఫోన్ చేసి బుక్ చేసుకోవచ్చు, అడ్వాన్స్ అడగరు.