బ్రిక్స్, మాంట్‌గోమెరీ: ఏ ఊరి పేరు నిలిచింది?

మన ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ల పేర్లే కదా, ఫ్రాన్స్‌లోని నార్మండీ దొరలదీ అదే తీరు. కొటాంటిన్ ద్వీపకల్పంలోని బ్రిక్స్ నుంచి వచ్చినవాళ్లు బ్రూస్‌లయ్యారు. 1124లో స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్ వాళ్లకు అన్నన్‌డేల్ జాగీరు ఇచ్చాడు. ఆ వంశంలోని రాబర్ట్ 1306లో ఏకంగా స్కాట్లాండ్‌కే రాజయ్యాడు. 1314లో బానక్‌బర్న్ దగ్గర ఇంగ్లండ్ సైన్యాన్ని చిత్తు చేశాడు.

నార్మండీలోనే మాంట్‌గోమెరీ అనే ఊరి నుంచి వచ్చిన మాంట్‌గోమెరీలకు కిరీటం దక్కలేదు. నార్మండీ నుంచి వెళ్లి ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం రాజుకు ఆప్తుడైన రోజర్ మాంట్‌గోమెరీ, వేల్స్ సరిహద్దులో కోట కట్టి దానికీ సొంతూరి పేరే పెట్టుకున్నాడు. 1102లో ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ మీద రోజర్ కొడుకు తిరగబడి ఇంగ్లండ్ ఆస్తులన్నీ పోగొట్టుకున్నాడు. అయినా వేల్స్‌లో ఆ పేరుతో ఊరు ఇప్పటికీ ఉంది, ఒక కౌంటీకీ అదే పేరు వచ్చింది.

పేరు విషయంలో నా ఓటు మాంట్‌గోమెరీకే. బ్రూస్ అంటే బ్రిక్స్ ఎవరికి గుర్తొస్తుంది?