ఆయన దగ్గర గొర్రెపిల్ల కేక్ అచ్చు కొన్నాను, మీరు జాగ్రత్త

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటికి కోపం చల్లారి "పోనీలే" అనుకుంటానేమో అని ఇప్పుడే రాసేస్తున్నాను. నేను ఊరుకుంటే మీలో ఇంకొకరు మోసపోతారు.

ఎవరి గురించో ఒహాయోలో ఉన్న మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పాత కాస్ట్ ఐరన్ దోశ పెనాలు బాగుచేసి అమ్ముతాడు కదా, ఆయనే. మీలో సగం మంది ఇళ్లలో ఆయన పెనాలు ఉన్నాయి. నా గుంత పొంగనాల పెనం కూడా ఆయన దగ్గరదే. గ్రిస్వోల్డ్ అనే పాత అమెరికన్ కంపెనీది, 32 నంబరు, ఏడు గుంతలది. డెన్మార్క్ వాళ్ల ఉండకేకుల కోసం చేసిన పెనమట, మన పొంగనాలకి అంతకంటే మంచిది ఇంకోటి దొరకదు. ఆ పెనంతోనే నాకు ఈ పాత అచ్చుల మీద ఇష్టం మొదలైంది. తర్వాత మొక్కజొన్న కంకుల అచ్చు కొన్నాను. అదీ ఆయన దగ్గరే. రెండింటిలోనూ ఒక్క లోపం లేదు. అందుకే నమ్మాను.

గొర్రెపిల్ల కేక్ అచ్చు కోసం రెండేళ్ల నుంచి వెతుకుతున్నాను. గ్రిస్వోల్డ్‌దే, 866 నంబరు. ముఖం వైపు ఒక భాగం, వీపు వైపు ఒక భాగం ఉంటాయి. ముఖం భాగాన్ని వెల్లకిలా పెట్టి అందులో పిండి పోసి, వీపు భాగాన్ని పైన మూతలా వేసి ఓవెన్‌లో పెడతారు. ఇక్కడ జర్మన్, పోలిష్ కుటుంబాల్లో ఈస్టర్‌కి ఈ కేక్ ఉండాల్సిందే. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, ఈస్టర్ మాకు పెద్ద పండుగ. పోయినేడు పక్కింట్లో ఆ కేక్ చూసినప్పటి నుంచి మా పాప "అమ్మా, మనింట్లో ఎప్పుడు?" అని అడుగుతూనే ఉంది. ఆయన "అక్కా, 866 దొరికింది, ముందు మీకే చెప్తున్నా" అని మెసేజ్ పెట్టగానే గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్లాను. 140 డాలర్లు. డబ్బు యాప్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద, అంటే సరుకు కొన్నట్టు కాకుండా సొంతవాళ్లకి ఇచ్చినట్టు, పంపమన్నాడు. అడిగినట్టే పంపాను.

ఇక్కడ జరిగింది మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

డబ్బు పంపకముందే అడిగాను, "ఎక్కడైనా పగులు గానీ అతుకు గానీ ఉందా తమ్ముడూ?" అని. "అయ్యో, మీకు అలాంటివి ఇస్తానా అక్కా" అన్నాడు. అని, వీపు భాగాన్ని ఒక వేలి మీద వేలాడదీసి ఇంకో చేతి కణుపుతో తట్టాడు. ఖంగుమని మోగింది. గుడి గంటలా చాలాసేపు మోగింది. "విన్నారా?" అని నవ్వాడు. ముఖం భాగం మాత్రం ఎడమ అరచేతిలో పెట్టుకుని, గొర్రెపిల్ల చెవుల దగ్గర బొటనవేలు వేసి చూపించాడు. దాన్ని తట్టలేదు. నేనూ తట్టమనలేదు.

మా నాయనమ్మ సంతలో కుండ కొంటే ప్రతి కుండనీ తట్టి చూసేది. పది కుండలు కొంటే పదీ తట్టేది. పగిలిన కుండ మోగదని ఐదేళ్లప్పుడే చేత్తో తట్టించి నాకు నేర్పింది. అది తెలిసి కూడా ఒక్క భాగం మోత విని తలూపి వచ్చేశాను. మూడు రాత్రులుగా అదే గుర్తొస్తోంది, నిద్ర పట్టట్లేదు.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే సీసం పరీక్ష చేశాను. ఇక్కడ పాత ఇనుప పాత్రల్లో చేపల గాలాలకి కట్టే సీసపు గుండ్లు కరిగించేవాళ్లు ఉండేవారు, అందుకని ఏది కొన్నా ముందు అది చూస్తాను. సీసం లేదు. తర్వాత గ్యారేజీలో ప్లాస్టిక్ టబ్బులో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి రెండు భాగాలూ ముంచాను. పాత నూనె పొర అయితే ఆ నీళ్లలో గోధుమరంగు మడ్డిలా కరిగిపోతుంది. వీపు భాగం అలాగే కరిగింది. ముఖం భాగం మీది నలుపు మాత్రం ఎండిన రంగు పెచ్చులు లేచినట్టు ముడతలు పడి ఊడింది. అది నూనె పొర కాదు, నల్ల పెయింట్!

మూడో రోజు గ్లౌజులు వేసుకుని బయటికి తీసి కడిగాను. కుడి చెవి మొదట్లో చుట్టూ పసుపు గీత. ముందు తుప్పేమో అనుకున్నాను. లైటు కింద పెడితే మెరిసింది, ఇత్తడి. ఆ చెవి ఎప్పుడో విరిగితే ఇత్తడితో అతికించారు. ఆ చెవి దగ్గర్నుంచి చెంప మీదుగా మెడ దాకా బూడిదరంగు గీత ఇంకోటి. పుల్లతో గీకితే మెత్తగా లేచి వచ్చింది. లప్పం. తలుపుల కంతల్లో వడ్రంగులు పెడతారే, అలాంటిదే ఏదో. అది గీకేశాక లైటు వెనక నుంచి పట్టుకుంటే పగులులోంచి వెలుగు కనబడింది.

ఆ లప్పం ఏంటో, ఆ పెయింట్ ఏంటో నాకు తెలియదు. కడగకుండా ఉంటే వాటి మీదే పిండి పోసి కేక్ చేసి మా పాపకి పెట్టేదాన్ని. నా కోపం అంతా దీనికే. డబ్బు సంగతి దీని తర్వాతే.

ఫోటోలు పంపితే రెండు రోజులు జవాబు లేదు. ఇవాళ నేనే ఫోన్ చేశాను. ఎత్తగానే అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "అసలు మిమ్మల్ని ఎవరు కడగమన్నారక్కా? నేను రెడీ చేసి ఇచ్చాను కదా."

నేను చెవి గురించి అడిగాను. అప్పుడు నోరు జారాడు. "ఆ చెవి నేను అతికించలేదు, నా దగ్గరికి వచ్చేటప్పటికే అలా ఉంది" అన్నాడు.

అంటే తెలుసు. నేను "అతుకు ఉందా" అని అడిగిన రోజే తెలుసు. తెలిసే బొటనవేలు దాని మీద వేసి పట్టుకున్నాడు. తెలిసే రెండో భాగాన్ని మోగించి వినిపించాడు. ఆ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు. ఎవరో తెలియని మనిషి మోసం చేస్తే వేరు. మా ఇంట్లో కాఫీ తాగాడు, మా పాప పుట్టినరోజుకి వచ్చాడు, నోరారా అక్కా అని పిలిచాడు.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే, "పాత సామాను అంటే ఉన్నది ఉన్నట్టే, రిటర్న్ ఉండదు" అన్నాడు. చివరికి, "140 డాలర్లకి ఇంత గొడవ ఏంటక్కా, మీరిద్దరూ ఐటీలోనే కదా" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు. నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఈ అచ్చు విలువ ఆయనకి తెలియక కాదు. పెన్సిల్వేనియాలోని ఈరీలో ఇవి పోతపోసిన గ్రిస్వోల్డ్ ఫౌండ్రీ మూతపడింది 1957లో. ఈ పాతవి ఇక కొత్తగా పుట్టవు, ఉన్నవాటినే ఒకరి చేతి నుంచి ఒకరు జాగ్రత్తగా అందుకోవాలి. విరిగిందని చెప్పి ఇరవై డాలర్లకి ఇచ్చి ఉంటే గోడకి తగిలించుకునేదాన్ని, సంతోషంగా.

కొనేవాళ్లు రెండు భాగాలూ మీ చేత్తో విడివిడిగా తట్టండి. వేలి మీద వేలాడదీసి తట్టాలి, అరచేతిలో పెట్టుకుంటే మంచిదైనా మోగదు. చెవులూ మెడా లైటుకి అడ్డం పెట్టి చూడండి. కొత్తగా నిగనిగలాడే నలుపు ఉంటే అడగండి. డబ్బు మాత్రం ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపకండి, తర్వాత ఫిర్యాదు చేసినా వెనక్కి రాదు. నాకు రాలేదు.

ఇంకొకటి. ఈ ఉదయం ఆయన కుందేలు అచ్చు అమ్మకానికి పెట్టాడు, అదీ గ్రిస్వోల్డ్ అనే. వీపు భాగానికి నాలుగు ఫోటోలు ఉన్నాయి, దగ్గర్నుంచి. ముఖం భాగానికి ఒక్కటే ఉంది, దూరం నుంచి, చేత్తో చెవులు పట్టుకుని. ఎవరైనా అడ్వాన్స్ పంపుదామనుకుంటుంటే దయచేసి ఆగండి.